రాత్రి ఒంటిగంటా నలభైకి పోయే నెట్

రోజూ రాత్రి ఒంటిగంటా నలభైకి మా ఇంట్లో నెట్ పోయేది. 2009 వేసవి అది. న్యూజెర్సీలో ఇల్లు కొని అప్పటికి రెండు నెలలు. ఆ టైముకి హైదరాబాద్‌లో పగలు పదకొండూ పది, మా టీమ్ వాళ్లు టీ తాగి వచ్చి కాల్‌లో కూర్చునే వేళ. నేను ఒక మాట మొదలుపెట్టి సగంలో ఉండగానే అవతల ఏమీ వినిపించేది కాదు. రెండు మూడు నిమిషాలకి నెట్ దానంతటదే వచ్చేది. "మేడమ్, మీ వాయిస్ కట్ అయింది" అని వాళ్లనడం, నేను సారీ చెప్పి మళ్లీ మొదట్నుంచీ చెప్పుకురావడం. మొదటి వారం వర్షాల వల్ల అనుకున్నాను. రెండో వారం మోడెమ్‌ని అనుమానించాను. మూడో వారం నుంచి క్యాలెండర్ మీద టైము రాయడం మొదలుపెట్టాను. 1:40, 1:40, 1:41, 1:40.

అప్పట్లో మాది డీఎస్‌ఎల్. ఫోన్ వచ్చే రాగి తీగ మీదే నెట్ కూడా వచ్చేది. మనిషి గొంతుకి ఆ తీగలో 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉంటే చాలు. డీఎస్‌ఎల్ అంతకంటే చాలా పైన, 25 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై 1.1 మెగాహెర్ట్జ్ దాకా నడుస్తుంది. రెండూ ఒకదాన్నొకటి తగలకుండా ఉండాలంటే ప్రతి ఫోన్‌కీ ముందు చిన్న ఫిల్టర్ ఉండాలి. లేకపోతే ఆ ఫోన్ ఎత్తినప్పుడల్లా నెట్ దెబ్బతింటుంది.

మన దగ్గర 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో కనెక్షన్ పెట్టించుకున్నవాళ్లకి ఈ గొడవ తెలుసు. తెనాలిలో మా నాన్న 256 కేబీపీఎస్ తీసుకున్నారు. లైన్‌మ్యాన్ వచ్చి, ఫోన్‌నీ నెట్‌నీ విడదీసే స్ప్లిటర్ బిగించాడు. పడగ్గదిలో ఉన్న పారలల్ ఫోన్ చూసి, "మాస్టారూ, ఇది స్ప్లిటర్‌కి ముందునుంచి తీశారు. ఇది ఎత్తితే నెట్ ఆగిపోతుంది. తీసెయ్యమంటారా, స్ప్లిటర్ తర్వాతకి మార్చమంటారా?" అని అడిగాడు. మార్చమన్నారు నాన్న. పది నిమిషాల పని. ఆ తర్వాత రెండు ఫోన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి, నెట్ పోవడం లేదని నాన్నకి చూపించి మరీ వెళ్లాడు. అలా చూపించి వెళ్లడం ఎంత పెద్ద విషయమో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

న్యూజెర్సీలో ఫోన్ కంపెనీ వాళ్లు ఫోన్లోనే అడిగారు, గోడల్లో ఫోన్ తగిలించే జాక్‌లన్నిటికీ ఫిల్టర్లు పెట్టారా అని. ఆరు జాక్‌లకి ఆరు పెట్టాం. మోడెమ్ మార్చి పంపారు. టికెట్ క్లోజ్ అయిందని మెయిల్ వచ్చింది. ఆ రాత్రి 1:40కి మళ్లీ పోయింది.

దొరికింది అనుకోకుండా. బాబు నిద్రలేస్తాడని ఒక రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగాను. వాటర్ హీటర్ పక్కన గోడకి ఒక బూడిదరంగు ఇనప పెట్టె ఉంది. పాత ఓనర్లు పెట్టించుకున్న దొంగల అలారం. ఇల్లు కొన్నప్పుడు, అలారం మోగితే కబురందుకునే కంపెనీ దగ్గరున్న మానిటరింగ్ ఖాతా మా పేరు మీదకి మార్చారు, నెలనెలా డబ్బు కడుతున్నాం, అంతకు మించి దాని సంగతి మాకేమీ తెలియదు. ఫోన్‌లా అది కనిపించదు, దానికి రిసీవర్ లేదు, మోగదు. ఒంటిగంటా నలభైకి ఆ పెట్టెలోంచి "టక్" మని చిన్న చప్పుడు వచ్చింది. నేను తలెత్తి చూసేలోపే కాల్ పోయింది.

ఏడో ఫోన్ అదే. ఆరు ఫోన్లకి ఫిల్టర్ పెట్టి, అన్నిటికంటే ముందున్న ఏడోదాన్ని వదిలేశాం.

అది ముందుండటానికి కారణం ఉంది. అలారం ప్యానెల్ని ఫోన్ లైన్‌కి కలపడానికి అమెరికాలో ఒక ప్రత్యేకమైన జాక్ వాడతారు, ఆర్‌జే-31ఎక్స్ అంటారు. ఎనిమిది పిన్నులుంటాయి, పనిచేసేవి నాలుగు. బయటినుంచి వచ్చే లైన్ 4, 5 పిన్నుల మీద ప్యానెల్లోకి పోయి, అక్కణ్నుంచి 1, 8 పిన్నుల మీదుగా వెనక్కి వచ్చి ఇంట్లో ఫోన్లకి చేరుతుంది. అంటే ఇంటి ఫోన్ లైన్ మొత్తం అలారం కడుపులోంచి వెళ్తుంది. తెనాలి వాళ్లకైతే కాలువ లెక్కలో చెప్పొచ్చు. తూము దగ్గరున్న మొదటి రైతు షట్టర్ దించితే చివరి ఆయకట్టుకి చుక్క నీరందదు. ప్యానెల్ కూడా కాల్ చెయ్యాలనుకున్నప్పుడు లోపల రిలే అనే చిన్న స్విచ్ కొట్టి ఇంట్లో ఫోన్లన్నిటినీ కోసేసి, లైన్ తను తీసుకుంటుంది. నేను విన్న "టక్" ఆ రిలేదే. దొంగ వంటింట్లో ఫోన్ ఎత్తి పక్కన పడేసినా అలారం బయటికి కాల్ చెయ్యగలగాలి కదా, అందుకే ఈ ఏర్పాటు. మంచి ఆలోచన. మా బాధల్లా మోడెమ్ కూడా ఆ షట్టర్ కింది పొలంలోనే ఉండటం.

మర్నాడు అలారం కంపెనీకి ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడారు. "అది రోజువారీ టెస్ట్ కాల్ మేడమ్. ప్యానెల్ రోజుకోసారి మా సెంటర్‌కి కాల్ చేసి, నేను పనిచేస్తున్నాను అని చెబుతుంది. మీకు ఇబ్బందైతే ఆపేస్తాం" అన్నారు. ఆపెయ్యమన్నాను. ఆ ఫోన్ లైన్ మీదుగానే ప్యానెల్ సెట్టింగ్ మార్చేశారు. ఆ రాత్రి 1:40కి నెట్ పోలేదు. నా టెన్షన్ తీరింది. వాళ్ల టికెట్ కూడా క్లోజ్ అయింది.

నేను అడిగిందేమిటో, వాళ్లు ఒప్పుకున్నదేమిటో అప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ ఆలోచించలేదు.

నెట్ మాత్రం పూర్తిగా బాగుపడలేదు. 3 ఎంబీపీఎస్‌కి డబ్బు కడితే ఒకటి దాటి వచ్చేది కాదు. రెండు నెలలు వెంటపడితే చివరికి ఫోన్ కంపెనీ నుంచి ఒక పెద్దాయన ఇంటికొచ్చాడు. రాగానే అడిగిన మొదటి ప్రశ్న, "అలారం ఉందా?" బేస్‌మెంట్‌లో పెట్టె చూపించాను. ముందు మానిటరింగ్ సెంటర్‌కి ఫోన్ చేసి ఖాతాని టెస్ట్‌లో పెట్టమని, అంటే కాసేపు అలారం సిగ్నల్ వచ్చినా పట్టించుకోవద్దని, చెప్పమన్నాడు. మీరెవరైనా ఈ పని చెయ్యబోతే ఇది మర్చిపోకండి, లేకపోతే మీ ఇంటిముందుకి పోలీసులు రావచ్చు. తర్వాత ఆ ఎనిమిది పిన్నుల తీగని జాక్‌లోంచి పీకాడు. పీకగానే జాక్‌లో ఉండే చిన్న రేకులు 1ని 4తో, 5ని 8తో వాటంతటవే కలిపేస్తాయి, లైన్ నేరుగా ఇంట్లోకి వెళ్తుంది. మోడెమ్ పేజీలో అంకె 1.1 నుంచి 2.9కి లేచింది. ఆయన నా మొహంలోకి చూసి తలాడించాడు.

ఆయన చేసిన రిపేరే సరైన రిపేరు. ఇంటి బయట గోడకి ఫోన్ కంపెనీ పెట్టె ఉంటుంది. అక్కడే, లైన్ లోపలికి అడుగుపెట్టే చోటే, స్ప్లిటర్ పెట్టాడు. నెట్ కోసం కొత్త కేబుల్ ఒకటి నేరుగా మోడెమ్‌కి లాగాడు. గొంతు వెళ్లే జత మాత్రం ఎప్పటిలాగే ముందు అలారానికి, అక్కణ్నుంచి ఫోన్లకి. అలారం తన అగ్రస్థానం వదులుకోలేదు, నెట్‌కి దాని గుండా పోవాల్సిన అవసరం లేకుండా పోయింది. ఫోన్లకి పెట్టే మామూలు ఫిల్టర్ ఆ అలారం జాక్ దగ్గర పనికిరాదని కూడా చెప్పాడు. మామూలు ఫిల్టర్‌లో రెండు తీగలే వెళ్తాయి, ఆ జాక్‌లో వెళ్లి రావడానికి నాలుగు కావాలి. అలారాల కోసమే చేసిన ఎనిమిది పిన్నుల ఫిల్టర్లు వేరే ఉంటాయి.

అంతా బాగైంది. రోజువారీ టెస్ట్‌ని మళ్లీ మొదలుపెట్టమని చెప్పాల్సింది. నెట్‌కీ అలారానికీ తగాదా తీరిపోయింది కాబట్టి ఇక ఆ కాల్ వల్ల నష్టమేమీ లేదు. కానీ నాకు గుర్తు రాలేదు, ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఈ తగాదా గురించి చదువుతుంటే ఒక పాత సంగతి తెలిసింది. ఫోన్ తీగ మీద అలారం వచ్చి కూర్చుందని మనమనుకుంటాం. బోస్టన్‌లో మాత్రం మొదట జరిగింది దీనికి తిరగేసి. ఎడ్విన్ హోమ్స్ అనే ఆయన 1850ల చివర్లోనే అక్కడ కరెంటుతో నడిచే దొంగల అలారాల వ్యాపారం పెట్టాడు. ఊళ్లోని దుకాణాలకీ బ్యాంకులకీ తన తీగలు లాగాడు. 1877లో ఫోన్ కొత్తగా వచ్చినప్పుడు ఆ అలారం తీగల మీదే ఫోన్లు పెట్టి చూశారు. పగలు ఫోన్, రాత్రి అలారం. అంటే ఒకే తీగని రెండు పనులకి వాడటం 130 ఏళ్లకి పైగా ఉన్న సంగతే. తేడా ఏమిటంటే, ఆయనకి తీగా తనదే, అలారమూ తనదే. పొద్దున్నే ఫోన్ పనిచెయ్యకపోతే ఎవర్ని అడగాలో ఊళ్లో అందరికీ తెలుసు.

మాకు ముగ్గురున్నారు. తీగ ఒకరిది, అలారం ఒకరిది, గోడ మాది. బయటి పెట్టె దాటాక ఉన్న వైరింగ్ బాధ్యత ఇంటి ఓనర్‌దే, అమెరికాలో పద్ధతి అది. సరే, ఒప్పుకుంటాను. మరి ఆ వైరింగ్‌లో ఏది దేనికి ముందుందో ఓనర్‌కి చెప్పే బాధ్యత ఎవరిది? మా ఇంటి పెట్టె మీద ఒక్క ముక్క రాసి లేదు.

2016 మే నెలలో రాగి తీగ వదిలేసి ఫైబర్‌కి మారాం. కుర్రాడొచ్చాడు, నాలుగు గంటలు కష్టపడ్డాడు, కొత్త పెట్టెకి మా కార్డ్‌లెస్ ఫోన్ తగిలించి డయల్ టోన్ వినిపించాడు. స్పీడ్ టెస్ట్ చూపించాడు. చేత్తో సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. పాత రాగి లైన్ ఆ సాయంత్రంతో చచ్చిపోయింది. బేస్‌మెంట్‌లో అలారం మాత్రం ఆ చచ్చిన తీగ కొసనే పట్టుకుని ఉంది. కీప్యాడ్ మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. మేం రాత్రిళ్లు ఆన్ చేసుకుంటూనే ఉన్నాం. నెల తిరగ్గానే డబ్బు కడుతూనే ఉన్నాం.

అక్టోబర్‌లో అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. ఆ రోజు మేమిద్దరం ఆఫీసులో, బాబు జ్వరంతో ఇంట్లో. అమ్మ పప్పులోకి తిరగమోత పెడుతుంటే ఎండుమిరపకాయలు మాడి ఇల్లంతా ఘాటు. పొగ డిటెక్టర్ కొట్టింది. ఇలాంటిది అంతకుముందు 2012లో నా చేతుల్లోనూ జరిగింది. అప్పుడు నిమిషం లోపే సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది, "అంతా బాగానే ఉందా, పాస్‌వర్డ్ చెప్పండి" అని. అందుకే అమ్మకి ముందే నేర్పాను. పాస్‌వర్డ్ ఒక చీటీ మీద తెలుగులో రాసి ఫోన్ పక్కనే అంటించాను.

సాయంత్రం నేను ఇంటికి రాగానే అమ్మ చెప్పింది. "అమ్మాయ్, మధ్యాహ్నం సైరన్ గుయ్‌మని మోగింది. పొయ్యి కట్టేసి, పిల్లాణ్ని వరండాలో కూర్చోబెట్టి, నువ్వు చెప్పినట్టే ఆ చీటీ పట్టుకుని ఫోన్ దగ్గరే నుంచున్నా. చాలాసేపు చూశానే. ఎవరూ చెయ్యలేదు."

నేను కీప్యాడ్ దగ్గరికి వెళ్లాను. దాని మీద రెండే అక్షరాలు, ఎఫ్‌సీ. సెంటర్‌కి చెప్పలేకపోయాను అని అర్థం. మళ్లీ మళ్లీ డయల్ చేసి చేసి, అవతల ఎవరూ ఎత్తక, ఊరుకుంది. ఆ చీటీ ఇంకా అమ్మ చేతిలోనే ఉంది, మూలలు నలిగిపోయి. అది మిరపకాయల పొగ కాకపోయి ఉంటే అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

లెక్క చూస్తే ఐదు నెలలు మా అలారం మూగది. రోజువారీ టెస్ట్ ఉండి ఉంటే ఫైబర్ వచ్చిన మర్నాడే కీప్యాడ్ మీద ఆ రెండు అక్షరాలూ వచ్చేవి. ఆ టెస్ట్‌ని ఆపించింది నేను. ఆపితే ఏం పోతుందో చెప్పకుండా ఆపింది వాళ్లు. రోజూ రాత్రి నా కాల్‌ని తెంపిన ఆ "టక్", అలారం బతికే ఉందని మాకున్న ఒకే ఒక్క గుర్తు.

ఇక్కడే నా అసలు వాదన. నెట్ పోతే ఆ నిమిషంలోనే తెలుస్తుంది, ఇంటిల్లిపాదీ అరుస్తారు, టికెట్లు పుడతాయి. అలారం నోరు పోతే ఎవరికీ ఏమీ తెలియదు, అవసరం పడే రోజు దాకా తెలియదు. ఈ రెండూ ఒకే తీగ మీద పోట్లాడుకుంటే గెలిచేది ఎప్పుడూ నెట్టే, ఎందుకంటే అరిచేది అదే. కాబట్టి తీగని ముట్టుకున్నవాళ్లెవరైనా సరే, ఫోన్ కంపెనీ మనిషైనా, అలారం మనిషైనా, సంతకం పెట్టించుకునే ముందు రెండో వస్తువు కూడా పనిచేస్తోందని చూపించి వెళ్లాలి. స్పీడ్ టెస్ట్ చూపించినట్టే అలారం టెస్ట్ కూడా. కీప్యాడ్ మీద టెస్ట్ మొదలుపెట్టి, సెంటర్‌కి ఫోన్ చేసి "అందిందా?" అని అడిగితే సరిపోతుంది, ఐదు నిమిషాలు పట్టదు. ఇది మర్యాదకి చేసే సాయంగా ఉండకూడదు, పనిలో భాగంగా ఉండాలి. ఇంట్లో అలారం ఉందా అని అడగకుండా పాత లైన్ కొయ్యడానికి వీల్లేదని రూల్ ఉండాలి.

"నెలకోసారి టెస్ట్ చేసుకోమని కాంట్రాక్టులో రాసే ఉంటుంది కదా" అని ఆఫీసులో ఒకాయన అన్నారు. నిజమే, ఉంది. నేను చెయ్యలేదు, అది నా తప్పే. కానీ ఆ కాంట్రాక్టు రాసినవాళ్ల దగ్గర కంప్యూటర్ ఉంది. ఒక ఖాతా నుంచి ఏళ్ల తరబడి ఒక్క సిగ్నల్ కూడా రాలేదని దానికి తెలుసు. అదే కంప్యూటర్ నెలనెలా మా కార్డు నుంచి డబ్బు తీసుకోవడం మాత్రం ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

ఫైబర్ పెట్టెకి అలారాన్ని కలిపితే చాలదా అంటే, కొన్నిచోట్ల చాలుతుంది, కొన్నిచోట్ల చాలదు. ప్యానెల్ మాట్లాడే భాషల్లో బాగా వాడుకలో ఉన్నది కాంటాక్ట్ ఐడీ. సెంటర్ ఫోన్ ఎత్తి 1400, 2300 హెర్ట్జ్‌ల్లో రెండు కూతలు కూస్తుంది. అది విన్నాక ప్యానెల్ ఫోన్ బటన్ల టోన్లలో 16 అంకెలు గబగబా పంపుతుంది, ఒక్కో టోన్ సెకనులో ఇరవయ్యో వంతు. అందులో 110 అంటే మంట, 130 అంటే దొంగతనం. మనిషి గొంతుని కుదించి పంపే ఇంటర్నెట్ ఫోన్ లైన్లలో ఈ టోన్లు చెదిరిపోవచ్చు. మన మాట కాస్త చెదిరినా అవతలివాళ్లు అర్థం చేసుకుంటారు. అంకె చెదిరితే సెంటర్ తీసుకోదు. పైగా పాత రాగి లైన్‌కి కరెంటు ఎక్స్చేంజ్‌లోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి వచ్చేది. 2012 అక్టోబర్‌లో శాండీ తుఫానుకి మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు కూడా మా వంటింటి ఫోన్ మోగింది. ఫైబర్ పెట్టెకి ఇంటి కరెంటే దిక్కు. 2015లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఫోన్ కంపెనీలకి చెప్పింది, 8 గంటలు నిలిచే బ్యాకప్‌ని కస్టమర్ అడిగితే అమ్మాలి, 2019 నుంచి 24 గంటలది కూడా అని. ఆ రూల్ గడువు 2025లో తీరిపోయింది. అది ఉన్నప్పుడు కూడా అడిగితేనే. అడగాలని తెలిస్తేనే.

బ్రిటన్‌లో ఇది ఇంకా పెద్ద సంగతి. పాత ఫోన్ నెట్‌వర్క్‌ని అక్కడ పూర్తిగా మూసేస్తున్నారు. ఒంటరిగా ఉండే వృద్ధులు మెడలో వేసుకుని, పడిపోతే నొక్కే అలారం బటన్లు ఆ లైన్ల మీద పనిచేస్తాయి. లైన్ మార్చాక నొక్కితే పలకని సంఘటనలు బయటపడ్డాక, 2023 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం కంపెనీలతో కూర్చుని బలవంతపు మార్పిడి ఆపించింది. 2025 చివరికి పెట్టుకున్న గడువు 2027 జనవరికి వెళ్లింది. మనుషులకి దెబ్బ తగిలాక వచ్చిన జాగ్రత్త అది. అమెరికాలో కూడా ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ తన పరిధిలో చాలాచోట్ల 2029 చివరికల్లా రాగి లైన్లు తీసేస్తానని ప్రకటించింది. ఇంకా ఎన్ని బేస్‌మెంట్‌లలో ఎన్ని బూడిదరంగు పెట్టెలు చచ్చిన తీగలు పట్టుకుని పచ్చ దీపం వెలిగిస్తాయో తలచుకుంటే నాకు భయమేస్తుంది.

మేమిప్పుడు సెల్యులార్ రేడియో ఉన్న అలారం వాడుతున్నాం. ఫోన్ లైన్‌తో పనిలేదు, నెట్‌తో తగాదా లేదు. పెట్టించుకునే స్తోమత ఉన్నవాళ్లకి నా సలహా కూడా అదే. అలాగని రేడియో ఎప్పటికీ పలుకుతుందనుకోకండి. 2022 ఫిబ్రవరి 22న ఏటీ అండ్ టీ 3జీ ఆపేసింది. దాని మీద నడిచే అలారాలు మార్చడానికి ఇంకా టైము కావాలని అలారం పరిశ్రమ అంతకు ముందే ఎఫ్‌సీసీని వేడుకుంది. దారి మారినప్పుడల్లా గొంతు పోయే ప్రమాదం ఉంటుంది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు గుంటూరులో మా బాబాయి మందుల షాపులో చూశాను. షట్టర్‌కి సెన్సర్, పైన సిమ్ కార్డు వేసే చిన్న అలారం. ఎవరైనా షట్టర్ లేపితే ఆయన ఫోన్‌కి కాల్ వస్తుంది. పెట్టించి రెండేళ్లయిందట. "అందులో సిమ్‌కి రీఛార్జ్ ఎవరు చేస్తున్నారు బాబాయ్?" అని అడిగాను.

ఆయన కౌంటర్ మీద చెయ్యి ఆనించి ఆగిపోయాడు. "రీఛార్జా? దాంతో మనం మాట్లాడం కదే."

స్టూలెక్కి సిమ్ తీసి నా ఫోన్‌లో వేసి చూశాం. వ్యాలిడిటీ అయిపోయి చాలా కాలమైంది. అప్పటికప్పుడు పక్క షాపు నుంచి కొత్త సిమ్ తెచ్చి వేశాం, ఏడాదికి సరిపడా రీఛార్జ్ చేశాం. షట్టర్ సగం దించి, అలారం ఆన్ చేసి, మళ్లీ లేపాం. సైరన్ మోగింది, వీధిలో నలుగురూ తొంగి చూశారు. నేను బాబాయి చేతిలో ఫోన్ వంకే చూస్తున్నాను. పదిహేను సెకన్లు పట్టింది. మోగింది.

ఇప్పుడు ప్రతినెలా ఒకటో తారీఖున షాపు తెరిచేటప్పుడు అలా ఒకసారి మోగించి నాకు వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడు. నా సంగతి కూడా అడుగుతాడు. ఒకటో తారీఖున నేనూ సెంటర్‌కి ఫోన్ చేసి, ఖాతా టెస్ట్‌లో పెట్టించి, ముందు తలుపు తెరిచి, వాళ్లు "జోన్ వన్ అందింది మేడమ్" అనేదాకా లైన్‌లోనే ఉంటాను.